రాతి దుమ్ము

అశ్వత్థప్ప ఖాళీ అయిన మందుల అట్టపెట్టె తెచ్చి డాక్టర్ హెప్సిబా బల్ల మీద పెట్టాడు. ఎనిమిది నెలల మందు అది. మొదటి రెండు నెలలు వారానికి మూడు సూదులు కూడా పొడిపించుకున్నాడు. అంతకుముందు ఇంకో ఆరు నెలలు మాత్రలు మింగాడు.

"అన్నీ అయిపాయనమ్మా. ఒగ మాత్ర గూడా ఇడవలేదు. యాడ తగ్గింది?" అన్నాడు. ఆ కాస్త మాటకే ఆయాసం వచ్చి గోడకు ఆనుకున్నాడు.

అది 2005 జూలై. నగరం శివారున జిగణిలో, బస్టాండుకు దగ్గరగా ఒక చర్చి ట్రస్టు నడిపే చిన్న క్లినిక్. రెండు గదులు, ముందు వరండా. హెప్సిబా నంద్యాల నుంచి వచ్చి అక్కడ చేరి ఆరేళ్లయింది. క్షయ ఉన్నవాళ్లకు సర్కారు ఉచితంగా ఇచ్చే మందుల పెట్టెలు ఆ క్లినిక్‌కే వచ్చేవి. రోగి పేరు రాసిన పెట్టె తీసి, రోజు మార్చి రోజు ఎదురుగా నిలబెట్టి మింగించాలి. నర్సు సుగుణమ్మ ఆ పనిలో ఒక్క రోజు తప్పనిచ్చేది కాదు. ఎవరైనా రాకపోతే ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి తిట్టి మరీ మింగించి వచ్చేది. అశ్వత్థప్ప కోసం ఆమె ఎప్పుడూ వెళ్లాల్సి రాలేదు. జ్వరం వచ్చినా, వాన వచ్చినా అతనే వచ్చాడు.

బరువు చూస్తే ముప్పైతొమ్మిది కిలోలు. మందు మొదలుపెట్టినప్పుడు నలభైనాలుగు.

"ఇంకొక్కసారి కఫం పరీక్ష చేయిద్దాం అశ్వత్థప్పా," అంది హెప్సిబా. ఆ మాట అంటున్నప్పుడే ఆమెకు తన మీద తనకు విసుగు పుట్టింది. ఇప్పటికి ఐదుసార్లు చేయించింది. ఐదుసార్లూ క్రిమి లేదనే వచ్చింది. ఎక్స్‌రేలో మచ్చలున్నాయి, దగ్గు ఉంది, మనిషి చిక్కిపోతున్నాడు. ఆ మూడింటిని పట్టుకుని క్షయ అని రాసింది.

"చేయించమ్మా. నీవు చెప్పితే చేయిస్తా," అన్నాడతను. "ఇంట్లో నేను అన్నం తినే తట్ట వేరే, చెంబు వేరే. పాపను వాళ్లవ్వ దగ్గరికి సర్జాపురానికి పంపిస్తిమి. ఏడాదిన్నర అయ్యె. పండగకొచ్చినా వాకిట్లోనే నిలబడి మాట్లాడి పోతాది. నాకు తగ్గినాక పిలిపిస్తామని చెప్పినాము. ఏమని చెప్పేదమ్మా దానికి?"

పాపను దూరంగా ఉంచమని చెప్పింది హెప్సిబాయే.

అశ్వత్థప్పది ఆనేకల్. తాత నాటి నుంచీ పట్టు మగ్గం. మరమగ్గాలు వచ్చాక చేతిమగ్గానికి పని లేకపోయింది. ముప్పై ఏళ్ల వయసులో మగ్గం అమ్మేసి జిగణి బస్సెక్కాడు. ఇప్పుడు ముప్పైఏడు. ఇవన్నీ హెప్సిబాకు తర్వాత తెలిశాయి. ఆ రోజుకు ఆమె దగ్గరున్న కార్డులో వృత్తి అన్న చోట "కూలి" అని మాత్రం ఉంది. రాసింది ఆమే.

పది రోజుల తర్వాత మహబూబ్ బాషా అనే అతను దగ్గుతూ వచ్చాడు. కదిరి వైపు మనిషి, బలంగానే ఉన్నాడు, కాని నాలుగు మెట్లెక్కితే నిలబడాల్సి వస్తోందన్నాడు. పని మధ్యలో వచ్చాడేమో, కనురెప్పల మీద, చెవుల మీద, మెడ ముడతల్లో తెల్లటి పొడి. హెప్సిబా అలవాటు ప్రకారం కఫం పరీక్ష చీటీ అందుకుంది.

"ఏం పని చేస్తారు?"

"రాయి పని మేడం. అశ్వత్థప్ప తెల్సు గదా మీకు? ఆయన పక్క మిషనే నాది. చేత్తో పట్టుకునే మిషను. పలక అంచులు కోసేది, నున్నగా చేసేది."

"దుమ్ము వస్తుందా?"

బాషా నవ్వాడు. "ఎదురుగుండా ఉన్నోడు కనబడడు మేడం. అన్నం డబ్బా మూత తీస్తే అన్నం మీద గూడా అదే."

హెప్సిబా చీటీ పక్కన పెట్టింది. ఆ రాళ్ల షెడ్డు నుంచి ఇంకెవరైనా మన దగ్గర క్షయ మందు తిన్నారా అని సుగుణమ్మను అడిగింది. సుగుణమ్మ రిజిస్టరు తీసి చాలాసేపు వేలితో వెతికింది. "అశ్వత్థప్పతో కలిపి ముగ్గురున్నారమ్మా. ఒకాయన ఊరెళ్లిపోయాడు. ఇంకొకాయన పోయిన క్రిస్మస్ ముందర పోయాడు. క్షయతో పోయాడనే రాసుకున్నాం," అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక హెప్సిబా, బాషాకు కొత్తగా తీయించినదాంతో కలిపి నలుగురి ఎక్స్‌రేలూ సంచిలో పెట్టుకుని డాక్టర్ జ్ఞానప్రకాశం గారింటికి వెళ్లింది. ఆయన ఊపిరితిత్తుల డాక్టరు. కోలారు గనుల దగ్గర చాలా ఏళ్లు పనిచేసి రిటైరై నగరంలో స్థిరపడ్డారు. ఒక్కొక్క ఫిల్మూ కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూశారు. నాలుగోది చూశాక కుర్చీలో కూర్చున్నారు.

"రెండు పక్కలా పైభాగంలోనే చిన్న చిన్న గుండ్రటి మచ్చలు. నలుగురికీ ఒకే తీరు. రాళ్లు కోసేవాళ్లని చెప్పకుండా నాకు చూపించినా నేనదే అనేవాణ్ణి తల్లీ. ఇది రాతి దుమ్ము. ఊపిరితిత్తుల్లో చేరి లోపల గట్టిపడిపోయింది."

"నేను క్షయ మందు ఇచ్చాను సార్. రెండుసార్లు."

"చాలామంది ఇస్తారు. ఈ దుమ్ము పట్టిన వాళ్లకు క్షయ కూడా తొందరగా వస్తుంది, అందుకని మనం తికమకపడతాం. కాని పని ఏమిటని అడిగి ఉంటే..." ఆయన ఫిల్ములు తిరిగి సంచిలో పెట్టసాగారు.

"వైద్యం?"

"లేదు. పని మాన్పించు. ఇన్ఫెక్షన్ వస్తే మందివ్వు. ఆక్సిజన్ పెట్టు. అంతే. ఒక్క ముఖ్యమైన సంగతి. ఇలాంటి కేసు చూసిన డాక్టరు సర్కారుకు తెలియజేయాలి. చట్టంలో ఉంది. ఎవరూ చేయరు."

మరునాడు అశ్వత్థప్పను, అతని భార్య అక్కయమ్మను పిలిపించింది. అక్కయమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మొగుడికి రెండు మూరల దూరంలో కూర్చుంది. అలా కూర్చోమని కూడా క్లినిక్‌లో నేర్పినదే.

హెప్సిబా అంతా వివరంగా చెప్పింది. దుమ్ము సంగతి, ఎక్స్‌రే సంగతి, మిగతావాళ్ల సంగతి.

అక్కయమ్మ ముందు తేరుకుంది. "అంటే అంటుకునేది కాదా?"

"కాదమ్మా."

"ఇప్పుడు కాదా, మొదుటి నుంచీ కాదా?"

"మొదటి నుంచీ కాదు."

అక్కయమ్మ కొంగు ముక్కు మీది నుంచి జారింది. అశ్వత్థప్ప మాత్రం డాక్టరు ముఖంలోకే చూస్తున్నాడు. "మందు ఏముండాది దీనికి?"

"ఈ జబ్బుకు మందు లేదు అశ్వత్థప్పా. ఆయాసం తగ్గడానికి ఇస్తాను. ఆ పనికి మాత్రం ఇక వెళ్లకూడదు."

"క్షయ అంటివి, నయమైతాదంటివి. మందు మింగితిని. సూది పొడిస్తే పిర్రలు గడ్డలు కట్టినా పొడిపించుకొంటిని. చెవుల్లో గుయ్యిమంటా ఉండాది ఇప్పటికీ." అతని గొంతు పెద్దదవుతోంది, మధ్యలో ఊపిరి అందక తెగిపోతోంది. "మందు మింగతానే నెల దాటినాక మళ్లీ పనికి పోతిని. నీవు పోవద్దని చెప్పలేదు. చెప్పితివా? యాడికి పోతాండావని అడిగితివా?"

"అడగలేదు."

"నా బిడ్డ నన్ను ముట్టుకోక ఏడాదిన్నర అయ్యె."

తప్పు నాది అంది హెప్సిబా. ఆ మాట గదిలో చాలా చిన్నదిగా వినిపించింది. అశ్వత్థప్ప లేచి, భార్య చెయ్యి పట్టుకుని, తలుపు దగ్గర ఆగి ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే అక్కయమ్మ సర్జాపురం బస్సెక్కి కూతురు భాగ్యను ఇంటికి తీసుకొచ్చిందని సుగుణమ్మ చెప్పింది.

హెప్సిబా ఆ వారంలోనే వాళ్లు పనిచేసే రాళ్ల ఫ్యాక్టరీకి వెళ్లింది. మేనేజరు లలిత్ ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. కిటికీ అవతల లారీలో నల్లరాతి పలకలు ఎక్కిస్తున్నారు.

"మేడం, మాది మొత్తం ఎక్స్‌పోర్ట్ యూనిట్. కటింగ్ అంతా వాటర్‌తోనే జరుగుతుంది. మీరు చూడొచ్చు," అన్నాడు.

పెద్ద బ్లేళ్ల దగ్గర నిజంగానే నీళ్లు పారుతున్నాయి. హెప్సిబా వెనక షెడ్డు చూడాలంది. లలిత్ కొంచెం ఆలోచించి తీసుకెళ్లాడు. అక్కడ ఇరవైమంది దాకా చేతి మిషన్లతో అంచులు కోస్తున్నారు. లుంగీ గుడ్డలు ముక్కుకు కట్టుకున్నారు. షెడ్డు చివర నిలబడ్డ మనిషి ఆడో మగో కూడా కంటికి ఆనడం లేదు. గోడ వెంబడి నీటి గొట్టం ఉంది. దాని కొళాయి తిప్పబోతే తిరగలేదు. మీద దుమ్ము పేరుకుని గట్టిగా పట్టేసింది.

"ఇక్కడ నీళ్లు?"

"ఫినిషింగ్‌లో నీళ్లు పడితే గీత కనబడదు మేడం. పని లేటవుతుంది. మాస్కులిచ్చాం, వీళ్లే పెట్టుకోరు."

"అశ్వత్థప్ప ఇక్కడ ఏడేళ్లు పనిచేశాడు."

"ఆ పేరు మా రోల్స్‌లో ఉండదు మేడం. ఇదంతా కాంట్రాక్ట్ లేబర్. కాంట్రాక్టర్ మునినారాయణప్ప అని ఉండేవాడు. ఇప్పుడు లేడు, వేరే సైట్‌కి వెళ్లిపోయాడు." లలిత్ గొంతు ఎక్కడా కటువుగా లేదు. "మీరు డాక్టరు. టీబీకి ట్రీట్‌మెంట్ ఇవ్వండి. మేమూ డొనేషన్ ఇస్తాం మీ ట్రస్ట్‌కి."

ఆమె కాఫీ తాగకుండానే వచ్చేసింది. దారి పొడుగునా దగ్గింది. ఆ షెడ్డులో ఆమె ఉన్నది పావుగంట.

ఫ్యాక్టరీల తనిఖీ చూసే సర్కారు ఆఫీసుకు నలుగురి పేర్ల మీదా రిపోర్టు రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపింది. నెల గడిచినా జవాబు లేదు. బస్సులు మారుతూ నగరంలోని ఆ ఆఫీసుకు వెళ్లింది. అక్కడి గుమాస్తా ఫైలు వెతికి, రిపోర్టు అందిందని, కాని ఇది తమ సెక్షను కాదని మరో అంతస్తుకు పంపాడు. అక్కడ, అశ్వత్థప్ప పేరున పరిహారానికి దరఖాస్తు రాయించుకుని, రోగిని మెడికల్ బోర్డు చూడాలన్నారు. బోర్డు తేదీ ఇచ్చారు. ఆ రోజు అశ్వత్థప్పను ఆటోలో కూర్చోబెట్టుకుని వెళ్తే ముగ్గురిలో ఒక డాక్టరు సెలవన్నారు. రెండో తేదీకి ముగ్గురూ ఉన్నారు. కాని బోర్డు పెద్దాయన ఫైలు తిరగేసి హెప్సిబా వైపు చూశాడు.

"ఇతనిది క్షయ కదా డాక్టర్. రెండుసార్లు వైద్యం పూర్తయినట్టు కార్డులున్నాయి. సంతకం మీదే. ఈ మచ్చలు క్షయవి కావని మేం ఎలా అనగలం?"

బయటికొచ్చాక అశ్వత్థప్ప వరండాలో బెంచీ మీద పడుకున్నాడు. "నీ సంతకమే అడ్డమొచ్చెనా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపానికి కావలసినంత ఊపిరి అతని దగ్గర లేదు.

హెప్సిబా ఆ రాత్రంతా నిద్రపోక, పొద్దున్నే క్లినిక్ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాసింది. రోగి వృత్తి అడగకుండా తాను క్షయ అని నిర్ధారించానని, అది తప్పని, కఫంలో ఎన్నడూ క్రిమి కనబడలేదని, రెండుసార్లు మందు తిన్నా మార్పు రాకపోవడమే ఇది క్షయ కాదనడానికి రుజువని రాసి సంతకం పెట్టింది. ట్రస్టు సెక్రటరీ ఇమ్మానుయేలు గారికి ఆ సంగతి తెలిసి క్లినిక్‌కు వచ్చారు.

"ఏంటమ్మా ఇది? మన లెటర్‌హెడ్ మీద మనమే తప్పు చేశామని రాసిస్తామా? రేపు ఎవరైనా మన మీద కేసు వేస్తే?"

"వేయనివ్వండి సార్. వేసే హక్కు వాళ్లకుంది."

"క్లినిక్ మూతపడితే ఈ జనం ఎక్కడికి పోతారు? అది ఆలోచించావా?"

ఆలోచించింది. అయినా ఉత్తరం పంపింది. ఇమ్మానుయేలు గారు ఆమెతో మూడు నెలలు సరిగా మాట్లాడలేదు.

జనవరిలో బోర్డు ఒప్పుకుంది. రాతి దుమ్ము వల్ల వచ్చిన జబ్బేనని రాసిచ్చింది. హెప్సిబా ఆ కాగితం పట్టుకుని అశ్వత్థప్ప ఇంటికి తనే వెళ్లి చదివి వినిపించింది. వారం తిరక్కుండా ఇంకో కాగితం వచ్చింది. ఇతను ఆ ఫ్యాక్టరీలో పనిచేసినట్టు రుజువు కావాలి. జీతం చీటీ, హాజరు, గుర్తింపు కార్డు, ఏదైనా ఒకటి. ఏడేళ్లలో అతనికి ఎవరూ ఏ కాగితమూ ఇవ్వలేదు.

మిగిలింది సాక్ష్యం ఒక్కటే. హెప్సిబా మహబూబ్ బాషాను అడిగింది. అతను ఇంకా ఆ షెడ్డులోనే ఉన్నాడు. మానెయ్యమని ఆమె చెప్పిన ప్రతిసారీ తల ఊపి మళ్లీ వెళ్లేవాడు.

"సంతకం పెడితే ఆ రోజే పంపించేస్తారు మేడం. ముగ్గురు పిల్లోళ్లు. మా ఇంటామె సమీనాకు కూడా ఒంట్లో బాగుండదు. నన్నడగొద్దు," అని కళ్లు తిప్పుకున్నాడు. ఆ తర్వాత క్లినిక్ వైపు రావడమే మానేశాడు.

అశ్వత్థప్ప ఆఖరి వారాలు ఎక్కువ భాగం క్లినిక్ వెనక గదిలోనే గడిచాయి. అక్కడ ఆక్సిజన్ సిలిండరు ఉంది. భాగ్య బడి నుంచి నేరుగా అక్కడికే వచ్చి మంచం మీద అతన్ని ఆనుకుని కూర్చునేది. ఆ పిల్లకు పాత పట్టుదారం ముక్కలు ఇచ్చి, తెగిన పోగును కనబడకుండా ఎలా ముడివేయాలో నేర్పేవాడు. మాట్లాడలేనప్పుడు వేళ్లతోనే చూపించేవాడు. ఒకసారి హెప్సిబా గుమ్మంలో నిలబడి చూస్తుంటే, "మగ్గం గుంతలో కూచున్నన్ని దినాలూ నాకు దగ్గు ల్యాదమ్మా," అన్నాడు. అతను ఆమెతో కోపం లేకుండా, ఏమీ అడగకుండా మాట్లాడినది ఆ ఒక్కసారే. ఆమెను క్షమించానని అతను ఎన్నడూ అనలేదు. ఆమె కూడా అడగలేదు.

ఫిబ్రవరి చివర ఒక మధ్యాహ్నం సిలిండరు పెట్టి ఉండగానే పోయాడు.

సమాధి కార్యక్రమానికి మహబూబ్ బాషా వచ్చాడు. దూరంగా నిలబడ్డాడు. తవ్విన గుంత దాకా నడిచి గుప్పెడు మట్టి వేసి వచ్చేసరికి అతనికి రొప్పు వచ్చింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి నిలబడ్డాడు. అక్కయమ్మ అతన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత దగ్గరికి వెళ్లింది.

"అన్నా, నిన్ను నేనేమీ అడగను. ఆయన గూడా ఇట్లే వంగి నిలబడుతుండె, మొదుట్లో. అది చెప్పల్లనిపిచ్చింది."

నాలుగు రోజుల తర్వాత బాషా క్లినిక్‌కు వచ్చాడు. "యాడ పెట్టాల సంతకం?" అన్నాడు. నోటరీ ముందు అన్నీ చెప్పాడు. ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా అశ్వత్థప్ప తన పక్కన పనిచేశాడో, నీటి గొట్టం ఎప్పుడెప్పుడు తెరిచేవాళ్లో, తనిఖీకి ఎవరైనా వస్తున్నారంటే వెనక షెడ్డుకు తాళం వేసి తమను ఎక్కడ కూర్చోబెట్టేవాళ్లో కూడా. అతను అనుకున్నట్టే ఆ వారంలో పని పోయింది. సమీనా ఒక బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి చేరింది.

మే నెలలో ఆఫీసు నుంచి మరో ఉత్తరం వచ్చింది. వాంగ్మూలం అందిందట. విచారణకు అశ్వత్థప్ప స్వయంగా హాజరు కావాలట.

హెప్సిబా ఆ కాగితాన్ని చింపేయబోయి ఆగింది. ఆ పని కూడా చేయడానికి లేదు. అది కూడా ఫైల్లో ఉండాలి. అక్కయమ్మను, బాషాను వెంటబెట్టుకుని వెళ్లింది. ఆఫీసరు ఉత్తరం చూసి, "మనిషి ఏడి?" అన్నాడు.

"ఆయన రాలేడు. నేనొచ్చినా," అంది అక్కయమ్మ. "ఆయన్ని ఏం అడగాల్నో నన్నడగండి. పక్కనుండి పనిచేసినాయన గూడా వచ్చినాడు. చూసిన డాక్టరమ్మ వచ్చింది. ఇంక ఎవురు రావల్ల?"

ఆఫీసరు ఉత్తరాన్ని పక్కన పెట్టాడు. చెడ్డవాడేం కాదు. బల్ల మీద అతని భుజాల ఎత్తున ఫైళ్లున్నాయి. "చనిపోయాడు కాబట్టి వారసురాలిగా మీరు కొత్త దరఖాస్తు పెట్టాలమ్మా. పాతది మూసేయాలి. రూల్ అది," అన్నాడు.

"కొత్తది ఇప్పుడే రాస్తాం. మీరు ముద్ర వేసి రశీదు ఇచ్చేదాకా మేం ఇక్కడే ఉంటాం," అంది హెప్సిబా. ఆ మాట గట్టిగానే అంది. పక్క బల్లల వాళ్లు తలెత్తి చూశారు. ఎవరు ఏమనుకున్నా ఇక ఆమెకు పట్టలేదు.

భోజనాల వేళ దాటి, టీల వేళ దాటి, రశీదు చేతికొచ్చేసరికి నాలుగైంది. విచారణ ఆగస్టుకు వేశారు. ఆగస్టులో ఫ్యాక్టరీ వాళ్ల వకీలు వాయిదా అడిగాడు. ఆ తర్వాతా అడిగాడు, అలా రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లలో ఆ షెడ్డు నుంచి, దాని చుట్టుపక్కల షెడ్ల నుంచి పదిహేడుమంది క్లినిక్‌కు వచ్చారు. హెప్సిబా పదిహేడు రిపోర్టులు పంపింది. వెనక షెడ్డులో కొళాయి బాగు చేయించారని ఒకరు చెప్పారు, ఎండాకాలంలో నీళ్లు లేవని మళ్లీ కట్టేశారని ఇంకొకరు చెప్పారు.

2008 నవంబరులో అక్కయమ్మకు పరిహారం ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. ఫ్యాక్టరీ పైకోర్టుకు వెళ్లింది. ఆ సంగతి తెలిసిన రోజు హెప్సిబా, అక్కయమ్మ, బాషా ముగ్గురూ నగరంలోనే ఉన్నారు. తమ వకీలు ఆఫీసు నుంచి మెట్లు దిగుతున్నారు. బాషా ప్రతి మలుపులో ఆగుతున్నాడు. రెండో అంతస్తులో గోడకు ఆనుకుని, "మీరు పోతా ఉండండి మేడం, నేనొస్తా," అన్నాడు.

"తొందరేం లేదు బాషా. జిగణి బస్సుకు ఇంకా చాలా టైముంది," అని హెప్సిబా అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది. అక్కయమ్మ సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత తిప్పి అతనికిచ్చింది.